క్యాన్సరు నయమైన పిదప: యువతులలో అకాల ఋతువిరతి, హార్మోను పునఃపూరణ చికిత్స

వ్యాధి నయమైనదని వినగానే మనము తృప్తిపడి ఊరకుందుము. రోగి మాత్రము ఆ తరువాత ఇంకను ముప్పది, నలువది యేండ్లు బ్రతుకవలసి యున్నది. ఆ బ్రతుకు ఎట్లుండునని ఆలోచించుట కూడ వైద్యశాస్త్రము యొక్క ధర్మమే.

ముప్పదిరెండేండ్ల యువతికి గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు వచ్చినదనుకొందము. చికిత్స జరిగినది, వ్యాధి నయమైనది, ఇంటివారు మొక్కులో మన్నతులో తీర్చుకొనిరి. కాని కొన్ని వారములలోనే ఆమెకు ఒళ్ళంతయు ఆవిరులు క్రమ్మినట్లగుట, అర్ధరాత్రి చెమటలతో మేల్కొనుట, నిద్రలేమి, చిరాకు, కీళ్ళనొప్పులు మొదలగును. "ప్రాణము దక్కినది, అదే పదివేలు, వీటిని ఓర్చుకొనుము" అని పెద్దలందురు. ఆమెయు ఓర్చుకొనును. ఆ ఓర్పు వెనుక ఆమె ఎముకలు, గుండె, రక్తనాళములు నిశ్శబ్దముగా నష్టపోవుచుండునని ఆమెకు చెప్పువారు అరుదు. ఆ నష్టమును చాలవరకు నివారింపగల చికిత్స కలదని చెప్పువారు మరింత అరుదు.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి 1955లో రేడియం చికిత్సాలయముగా వెలసినది. ఆ మూడక్షరములు నవాబు మెహదీ నవాజ్ జంగు పేరును నిలుపుచున్నవి. ఆ దినములలో క్యాన్సరు అనగా మరణమే యని తలచెడివారు. నేడు తొలిదశలో గుర్తించిన గర్భాశయ క్యాన్సరులు అధికసంఖ్యలో నయమగుచున్నవి. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారము మన దేశమున ఆ యొక్క యేట 1,27,000కు పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు క్రొత్తగా సోకినది. దాదాపు 80,000 మంది దానివలన మరణించిరి. మరణించువారి సంఖ్యను తగ్గించుట ప్రథమ కర్తవ్యము. బ్రతికి బయటపడిన వారిలో చిన్న వయస్సు వారిని గూర్చి ఆలోచించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

అండాశయముల పని

స్త్రీ శరీరమున గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదంకాయ పరిమాణమున రెండు అండాశయములు కలవు. నెలకొక అండమును విడుదల చేయుట వాని పనులలో ఒకటి మాత్రమే. ఈస్ట్రోజెను, ప్రొజెస్టెరోను అను రెండు ముఖ్యమైన హార్మోనులను అవి రక్తములోనికి పంపుచుండును. కొలది పరిమాణమున టెస్టోస్టెరోనును కూడ స్రవించును.

ఈస్ట్రోజెను కేవలము సంతానోత్పత్తికి సంబంధించినదని చాలమంది భ్రమ. నిజమునకు దానిని గ్రహించు గ్రాహకములు ఎముకలలో, రక్తనాళముల గోడలలో, మెదడులో, చర్మములో, మూత్రాశయములో, యోని పొరలలో కూడ కలవు. ఎముకను కరగించు కణముల వేగమును అది అదుపులో నుంచును. రక్తనాళముల మృదుత్వమును కాపాడును. మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించు కేంద్రమును స్థిరముగా నుంచును.

సహజముగా ఈ స్రావము ఒకనాటితో ఆగిపోదు. కొన్ని సంవత్సరముల పాటు హెచ్చుతగ్గులు పొందుచు తగ్గి, పాశ్చాత్య దేశములలో సగటున 51వ యేట, మన దేశమున సగటున 46, 47 యేండ్ల ప్రాయమున ముట్లు పూర్తిగా ఉడిగిపోవును. 45 యేండ్లకు ముందు ముట్లుడిగినచో దానిని శీఘ్ర ఋతువిరతియనియు, 40కి ముందైనచో అకాల ఋతువిరతియనియు వైద్యులు వ్యవహరింతురు.

చికిత్స వలన అండాశయములు నశించు విధము

క్యాన్సరు చికిత్స మూడు మార్గముల అండాశయములను దెబ్బతీయును.

మొదటిది శస్త్రచికిత్స. గర్భాశయ క్యాన్సరునకు, అండాశయ క్యాన్సరునకు గర్భాశయముతో బాటు రెండు అండాశయములను తొలగించుట సాధారణము. ఇచ్చట పరిణామము తక్షణము. ఉదయము శస్త్రచికిత్సకు పోవునపుడున్న ఈస్ట్రోజెను ఒకటి రెండు దినములలో అడుగంటిపోవును. సహజ ఋతువిరతిలో ఏండ్ల తరబడి జరుగు మార్పు దినములలో జరుగుటచేత బాధలు కూడ తీవ్రముగా నుండును.

రెండవది వికిరణ చికిత్స, అనగా రేడియేషను. గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు కటిభాగమునకు సాధారణముగా 45 నుండి 50 గ్రేల వికిరణము నిత్తురు. అందులో సగముకంటె తక్కువ మోతాదే అండాశయములు పని మానుటకు చాలును. అందుచేతనే తగిన సందర్భములలో శస్త్రవైద్యులు అండాశయములను వికిరణ క్షేత్రమునకు పైగా, కడుపులో ఎగువ భాగమునకు జరిపి కుట్టుదురు. ఇది అన్నివేళల ఫలింపకపోయినను చికిత్సకు ముందే చర్చింపదగిన ఉపాయము.

మూడవది రసాయన ఔషధ చికిత్స, అనగా కీమోథెరపీ. సైక్లోఫాస్ఫమైడు వంటి ఔషధములు అండకోశములను నశింపజేయును. ఇరువది యేండ్ల యువతి అండాశయములు తిరిగి కోలుకొనవచ్చును. నలువది సమీపించిన స్త్రీకి ఆ అవకాశము తక్కువ.

లోపము వలన కలుగు హాని

కంటికి కనబడు బాధలను గూర్చి పైన చెప్పితిమి. వానికి తోడు యోని పొడిబారుట, దాంపత్య జీవితమున నొప్పి, మాటిమాటికి మూత్రమున మంట కలుగవచ్చును. రేడియేషను పొందినవారిలో ఈ బాధలు అధికము. వీనిని భర్తకు చెప్పుటకే సిగ్గుపడు స్త్రీ వైద్యునికి చెప్పుట మరింత కష్టము.

కంటికి కనబడని హాని అంతకంటె పెద్దది. సాధారణముగా ముట్లుడిగిన తొలి సంవత్సరములలో వెన్నెముకల సాంద్రత ఏటా సుమారు 2 శాతము తరుగును. అరువది యేండ్ల స్త్రీకి పది యేండ్లుగా ఈస్ట్రోజెను లేకుండవచ్చును. ముప్పదవ యేట అండాశయములు కోల్పోయిన స్త్రీకి అదే వయస్సు వచ్చుసరికి ముప్పది యేండ్లుగా ఉండదు. ఆమె ఎముకలు ఎంత పెళుసై యుండునో ఊహింపవచ్చును. హృద్రోగ భయము కూడ ఈ లెక్కనే పెరుగును.

ఈ విషయమై అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమునందలి మేయో క్లినిక్ పరిశోధకులు చేసిన అధ్యయనము ప్రసిద్ధము. 1950 నుండి 1987 వరకు, క్యాన్సరు లేకుండగనే అండాశయములు తొలగింపబడిన స్త్రీలను వారు దీర్ఘకాలము గమనించిరి. 45 యేండ్లకు ముందు అండాశయములు కోల్పోయి ఈస్ట్రోజెను పొందని స్త్రీలలో మరణములు ఎక్కువగా నున్నవని 2006లో ప్రకటించిరి. ఋతువిరతికి ముందే అండాశయములు తొలగింపబడినవారిలో వార్ధక్యమున జ్ఞాపకశక్తి క్షీణించుట కూడ అధికమని మరుసటి యేట తెలిపిరి. ఆ స్త్రీలకు క్యాన్సరు లేదు కనుక, ఈ హాని క్యాన్సరు వలన కలిగినది కాదు. హార్మోను లోపము వలన కలిగినదని గ్రహింపవలెను.

భయము ఎక్కడ పుట్టినది

లోపించిన హార్మోనును తిరిగి ఇచ్చుటయే హార్మోను పునఃపూరణ చికిత్స. థైరాయిడు గ్రంథి తొలగింపబడిన వానికి థైరాయిడు మాత్ర నిచ్చుచున్నాము. క్లోమము ఇన్సులినును స్రవింపనిచో ఇన్సులిను నిచ్చుచున్నాము. వానిని ఎవరును ఆక్షేపింపరు. ఈస్ట్రోజెను విషయమున మాత్రము రోగికి, కొందరు వైద్యులకు కూడ భయము. ఈ భయమునకొక చరిత్ర కలదు.

చూడి గుఱ్ఱముల మూత్రము నుండి తీసిన ఈస్ట్రోజెను మాత్రలకు 1942లో అమెరికాలో అనుమతి లభించినది. 1966లో రాబర్ట్ విల్సన్ అను వైద్యుడు వ్రాసిన ఒక గ్రంథము ఈస్ట్రోజెనును నిత్యయౌవనమునకు మందువలె వర్ణించుటతో దాని వాడుక విపరీతముగా పెరిగినది. 1975లో తొలి దెబ్బ తగిలినది. గర్భాశయమున్న స్త్రీకి ఈస్ట్రోజెను నొక్కదానినే ఇచ్చినచో గర్భాశయపు లోపొర అతిగా పెరిగి క్యాన్సరునకు దారితీయునని రెండు పరిశోధనలు ఋజువు చేసినవి. ప్రొజెస్టెరోను వర్గపు ఔషధమును జతపరచినచో ఆ ప్రమాదము తొలగునని పిదప తెలిసినది.

రెండవ దెబ్బ 2002 జూలైలో తగిలినది. 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అను పేర అమెరికా ప్రభుత్వము జరిపించిన బృహత్పరిశోధనలో 50 నుండి 79 యేండ్ల మధ్య వయస్సుగల 27,347 మంది స్త్రీలు హార్మోను పరీక్షలలో పాల్గొనిరి. వారిలో గర్భాశయముగల 16,608 మందిపై జరిగిన పరీక్షను ఆ నెలలో గడువుకు ముందే నిలిపివేసిరి. ఈస్ట్రోజెనుతో బాటు కృత్రిమ ప్రొజెస్టిను పుచ్చుకొన్నవారిలో రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతము, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు కొంత హెచ్చినవి. వార్తాపత్రికలు దీనిని ప్రపంచమంతట చాటినవి. హార్మోను మాత్రల వాడుక పడిపోయినది. 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందుల పెట్టెలపై తీవ్రమైన హెచ్చరికను ముద్రింపించినది.

విద్యార్థులు ఇచ్చట రెండు విషయములను గమనింపవలెను. మొదటిది అంకెల పరిమాణము. రొమ్ము క్యాన్సరు సంవత్సరమునకు 10,000 మందిలో 30 నుండి 38కి పెరిగినది. అనగా పదివేలమందికి ఎనమండుగురు అధికము. అదే పరీక్షలో తుంటియెముక విరుగుట, పెద్దప్రేగు క్యాన్సరు తగ్గినవి. గర్భాశయము లేని 10,739 మందికి ఈస్ట్రోజెను నొక్కదానినే ఇచ్చిన రెండవ పరీక్ష 2004లో ముగిసినది. అందు పక్షవాతము కొంత హెచ్చినది గాని రొమ్ము క్యాన్సరు హెచ్చలేదు. దీర్ఘకాలిక పరిశీలనలో తగ్గినట్లు కూడ తేలినది.

రెండవది వయస్సు. ఆ స్త్రీల సగటు వయస్సు సుమారు 63. ముట్లుడిగి పది పన్నెండేండ్లు గడచిన స్త్రీకి ప్రకృతి నిలిపివేసిన హార్మోనును అదనముగా ఇచ్చుట వేరు; ముప్పదవ యేట ప్రకృతి ఇంకను ఇచ్చుచుండగా చికిత్స తొలగించినదానిని తిరిగి ఇచ్చుట వేరు. అరువది మూడేండ్ల వారిపై తేలిన ఫలితమును ముప్పదిరెండేండ్ల యువతికి అన్వయించుట తర్కదోషము. ఈ తర్కదోషము వలననే అర్హులైన అనేకులు చికిత్స పొందకున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడ ఆ పెట్టెపై హెచ్చరికలలో పెక్కింటిని తొలగింపజేయుచున్నట్లు 2025 నవంబరులో ప్రకటించినది.

ఏ క్యాన్సరునకు ఏ నిర్ణయము

ఇక ముఖ్యమైన ప్రశ్న: హార్మోను నిచ్చినచో నయమైన క్యాన్సరు తిరిగి రాదా? దీనికి ఒకే సమాధానము లేదు. క్యాన్సరు జాతిని బట్టి సమాధానము మారును. కొన్ని క్యాన్సరులు ఈస్ట్రోజెనును ఆహారముగా గ్రహించి పెరుగును. కొన్నింటికి దానితో సంబంధమే లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరులలో అధికభాగము పొలుసుకణముల నుండి పుట్టును. దీనికి కారణము పాపిలోమా అను వైరసు. ఈస్ట్రోజెను పై అది ఆధారపడదు. 1987లో పోలండు దేశమునుండి వెలువడిన ఒక పరిశోధనలో, చికిత్స పొందిన 120 మందిలో హార్మోనులు పుచ్చుకొన్న 80 మందికిని, పుచ్చుకొనని 40 మందికిని ఐదేండ్ల మనుగడలో భేదము కనబడలేదు. కావున ఈ స్త్రీలకు హార్మోను నిరాకరించుటకు క్యాన్సరు కారణము కాజాలదు. అయితే ఒక హెచ్చరిక కలదు. రేడియేషను మాత్రమే పొందిన స్త్రీకి గర్భాశయము లోపలనే యుండును. ముట్లు రాకపోయినను లోపొర కొంత మిగిలియుండవచ్చును. కనుక ఆమెకు ఈస్ట్రోజెనుతో బాటు ప్రొజెస్టెరోను కూడ తప్పక ఈయవలెను. గ్రంథికణముల నుండి పుట్టిన ముఖద్వార క్యాన్సరు విషయమున ఆధారములు కొలదిగా నున్నవి గనుక వైద్యులు మరింత జాగ్రత్తతో నిర్ణయింతురు. మర్మావయవముల పైభాగమున, యోనిలో వచ్చు పొలుసుకణ క్యాన్సరులకును హార్మోనుతో సంబంధము లేదు.

గర్భాశయపు లోపొర క్యాన్సరు విషయము సున్నితమైనది. ఇది ఈస్ట్రోజెనుతో పెరుగు జాతి. అయినను తొలిదశలో గర్భాశయము, అండాశయములు పూర్తిగా తొలగింపబడిన పిదప ఏమగునని అమెరికాలోని గైనకాలజిక్ ఆంకాలజీ గ్రూపు పరిశోధకులు పరీక్షించిరి. మొదటి, రెండవ దశలలోని 1,236 మందిని రెండు సమాన వర్గములుగా విభజించి, ఒకరికి ఈస్ట్రోజెనును, మరొకరికి ఔషధము లేని మాత్రను ఇచ్చిరి. వ్యాధి తిరుగబెట్టినవారు ఈస్ట్రోజెను వర్గమున 14 మంది, అనగా 2.3 శాతము, రెండవ వర్గమున 12 మంది, అనగా 1.9 శాతము. ఈ ఫలితము 2006లో ప్రకటింపబడినది. 2002 నాటి భయము వలన స్త్రీలు చేరుట తగ్గి పరీక్ష ముందుగానే ఆగినందున దీనిని తుదితీర్పుగా గ్రహింపరాదు. కాని తొలిదశలో, తక్కువ తీవ్రతగల వ్యాధి నయమైన యువతికి హార్మోనును ఆలోచింపవచ్చునని చెప్పుటకు ఇది తగిన ఆధారము. ముదిరిన దశలో ఈయరాదు.

అండాశయపు పైపొర క్యాన్సరు విషయమున రెండు యాదృచ్ఛిక పరీక్షలు కలవు. దక్షిణాఫ్రికాలో 130 మందిపై జరిగి 1999లో వెలువడినదానిలో హార్మోను వలన వ్యాధి తిరుగబెట్టుట హెచ్చలేదు. బ్రిటను, స్పెయిను, హంగేరీలలో 1990 నుండి 1995 వరకు 150 మందిని చేర్చుకొన్న రెండవ పరీక్ష ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. దాదాపు ఇరువదేండ్ల పరిశీలన పిదప హార్మోను పొందినవారే ఎక్కువకాలము జీవించిరని అందు తేలినది. పరీక్ష చిన్నదే గనుక దీనిని అతిగా పొగడరాదు. అయినను హార్మోను ప్రాణాంతకమను భయమునకు ఇది సమాధానము. చిన్న వయస్సు బాలికలలో వచ్చు బీజకణ గడ్డలు నయమైన తరువాతను హార్మోనునకు అడ్డు లేదు.

హార్మోను నీయరాని జాతులను కూడ స్పష్టముగా చెప్పుట మన విధి. అండాశయమున పుట్టు గ్రాన్యులోసా కణపు గడ్డలు తామే ఈస్ట్రోజెనును స్రవించును. మందగతిన పెరుగు సీరస్ జాతి అండాశయ క్యాన్సరు, గర్భాశయపు లోపొరనంటిన మెత్తని కణజాలమున పుట్టు స్ట్రోమల్ సార్కోమా, గర్భాశయ కండరపు సార్కోమా హార్మోను గ్రాహకములు గలిగి యుండును. అట్టివారికి సాధారణముగా ఈస్ట్రోజెను నిషిద్ధము. రొమ్ము క్యాన్సరు వచ్చిన స్త్రీ సంగతి కూడ ఇట్టిదే. స్వీడనులో ఆరంభమైన హ్యాబిట్స్ పరీక్షలో రొమ్ము క్యాన్సరు తిరుగబెట్టుట హెచ్చినందున దానిని ముందుగానే నిలిపివేసి 2004లో ఫలితములు ప్రకటించిరి.

దీనివలన తేలు సారాంశమేమి? "క్యాన్సరు వచ్చినది గనుక హార్మోను వద్దు" అనుట ఎంత తప్పో, "అందరికి ఈయవచ్చును" అనుటయు అంతే తప్పు. బయాప్సీ కాగితముపై వ్రాసిన కణజాతి పేరే ఈ నిర్ణయమునకు తాళపుచెవి. బ్రిటనులోని ఋతువిరతి సంఘము, స్త్రీ క్యాన్సరు వైద్యుల సంఘము కలసి 2024లో వెలువరించిన మార్గదర్శక సూత్రములు కూడ ఇట్లు జాతివారీగానే సలహా నిచ్చుచున్నవి.

చికిత్స ఇచ్చు విధము

గర్భాశయము లేని స్త్రీకి ఈస్ట్రోజెను ఒక్కటి చాలును; గర్భాశయమున్నచో ప్రొజెస్టెరోను జతపరుపవలెను. మన ఔషధశాలలలో ఈస్ట్రడయోలు మాత్రల రూపమునను, చర్మముపై పూయు జెల్లు రూపమునను లభించును. మ్రింగిన మాత్ర ముందుగా కాలేయము గుండా పోవుట వలన రక్తము గడ్డకట్టు స్వభావమును కొంత పెంచును. చర్మము ద్వారా ఇచ్చినపుడు ఆ ప్రమాదము తక్కువ. క్యాన్సరు రోగులలో రక్తపు గడ్డల భయము సహజముగా నుండును గనుక ఈ భేదము ముఖ్యమైనది.

మోతాదు విషయమునను వయస్సును గమనింపవలెను. ఏబదియైదేండ్ల స్త్రీకి ఆవిరులు తగ్గుటకు సరిపోవు స్వల్పమోతాదు, ముప్పదేండ్ల స్త్రీ ఎముకలను కాపాడుటకు చాలకపోవచ్చును. యువతులకు సాధారణముగా హెచ్చు మోతాదు అవసరము. సహజముగా ముట్లుడుగు వయస్సు వరకు, అనగా సుమారు 50 యేండ్ల వరకు కొనసాగించి, ఆపైన మరల ఆలోచింపవలెను. ఈ చికిత్స గర్భధారణ శక్తిని తిరిగి ఈయజాలదని మొదటనే తెలుపుట మంచిది.

హార్మోను తగనివారు నిరాశ చెందనవసరము లేదు. వెన్‌లాఫాక్సిను, గాబాపెంటిను వంటి ఔషధములు ఆవిరులను తగ్గించును. అయితే అవి ఎముకలను కాపాడవు. కనుక అట్టివారు ఎముకల సాంద్రతా పరీక్ష చేయించుకొని, తగిన కాల్షియము, విటమిన్ డి తీసికొనుచు, నడక వంటి వ్యాయామము చేయుచు, అవసరమైనచో ఎముకలకు వేరు ఔషధమును పొందవలెను. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు పరీక్షలను చిన్న వయస్సుననే ఆరంభింపవలెను. పేరు తెలియని మూలికల పొడులను హార్మోనుకు బదులుగా నమ్ముట తగదు. వానిలో కొన్ని ఈస్ట్రోజెనువలె పనిచేయునవియు నుండవచ్చును.

మౌనము అను మరొక రోగము

ఈ విషయము మన ఇండ్లలో మాటలలోనికి రాదు. తెలుగున దీనిని ముట్లుడుగుట యందుము. ఆ మాటను నలుగురిలో పలుకము. ఉర్దూలో 'సిన్నె యాస్' అందురు. అనగా ఆశ వదలుకొన్న వయస్సు. ఋతువుపై ఆశ వదలుకొనుట యని దాని శాస్త్రార్థము. కాని ముప్పదేండ్ల యువతి తన బ్రతుకుపైననే ఆశ వదలుకొనవలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు.

మన తెలుగు రాష్ట్రములకు ఈ పాఠముతో మరియొక సంబంధము కలదు. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 యేండ్ల స్త్రీలలో గర్భాశయము తొలగించుకొన్నవారు దేశమంతట 3.2 శాతము కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతము, తెలంగాణలో 7.7 శాతము. వీరిలో అత్యధికులకు క్యాన్సరు లేదు. "గర్భసంచి ఉన్నచో క్యాన్సరు వచ్చును" అను భయము కూడ కొందరిని శస్త్రచికిత్సకు నడిపించినది. గర్భసంచితో బాటు అండాశయములను కూడ పోగొట్టుకొన్న స్త్రీలకు క్యాన్సరు రోగులకు కలిగిన నష్టమే కలుగును. చికిత్సకు పూర్వము "అండాశయములను ఉంచెదరా, తీసెదరా? ఏల?" అని అడుగు హక్కు ప్రతి స్త్రీకి కలదు.

మన కళాశాల విద్యార్థినులలో అనేకులు తమ కుటుంబమున తొలిసారిగా కళాశాల మెట్లెక్కినవారు. ఇంటిలో అమ్మీకో, ఆపాకో, పిన్నికో, ఖాలాకో జబ్బు చేసినపుడు ఆసుపత్రి కాగితములు చదువువారు వారే. అట్టివారు వైద్యుని ముందు ఈ ప్రశ్నలను నిస్సంకోచముగా అడుగవలెను:

1. బయాప్సీలో తేలిన క్యాన్సరు ఏ జాతికి చెందినది? అది హార్మోనుపై ఆధారపడునదియా?
2. చికిత్సలో అండాశయములు తొలగింపబడునా, లేక దెబ్బతినునా? వానిని కాపాడు మార్గము కలదా?
3. గర్భాశయము మిగిలియున్నదా? ఉన్నచో ప్రొజెస్టెరోను కూడ వ్రాసితిరా?
4. హార్మోను ఈయరాదనినచో కారణమేమి? క్యాన్సరు జాతియా, రక్తపు గడ్డల చరిత్రయా, లేక కేవలము భయమా?
5. హార్మోను తగదనినచో ఎముకలను, గుండెను కాపాడుటకు ఏమి చేయవలెను?

ఈ ఐదు ప్రశ్నలకు సమాధానమడుగుట వైద్యుని అవమానించుట కాదు. మంచి వైద్యుడు వీనిని వినిన సంతోషించును. క్యాన్సరు వైద్యునికి వ్యాధిపై దృష్టి యుండును, స్త్రీల వైద్యురాలు క్యాన్సరు పేరు విని వెనుకాడును. ఈ ఇరువురి నడుమ రోగి ఒంటరియగుట తరచుగా జరుగు విషయము. ప్రశ్న అడుగు బంధువొకరు ప్రక్కనుండుట ఆ ఇరువురిని కలుపు వంతెన వంటిది.

కళాశాల పాలకవర్గమువారికి ఒక విన్నపము. ఏటేటా జరుగు ఆరోగ్య ప్రసంగములలో ఒకదానిని ఈ విషయమునకు కేటాయించి, స్త్రీల వైద్యురాలి నొకరిని ఆహ్వానించి, విద్యార్థినులు తమ తల్లులతో కలసి వినునట్లు తెలుగున, ఉర్దూన రెండింటను ఏర్పాటు చేసినచో గొప్ప మేలగును. పై ప్రశ్నలను రెండు భాషలలో ఒక చిన్న కాగితముపై ముద్రించి పంచుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము. ఆ కాగితము ఏ యింటి బీరువాలోనో దాగియుండి, అవసరమైన నాడు ఒక యువతిని ముప్పది యేండ్ల అనవసర బాధనుండి తప్పింపగలదు.